ఎదురుమెట్టకు ఆ పేరు వచ్చిన విధము

పూర్వం నల్లమల అడవులు తూర్పుదిక్కున పలచబడి మెట్టచేలలో కలిసిపోయే సీమలో రేగులదిన్నె అనే గ్రామం ఉండేది. ఆ గ్రామవాసులు తాతల కాలంలోనే క్రీస్తు ప్రభువును ఆశ్రయించి, కాషాయవస్త్రాలు ధరించి కాలినడకన దేశం తిరిగే క్రైస్తవ గురువుల చేత జ్ఞానస్నానం పొందినవారు. అయితే ఆ గురువులు బహు కొద్దిమంది, వారు తిరగవలసిన సీమ బహు విశాలం. ఒకసారి దర్శనమిచ్చిన స్వామి మళ్ళీ కనిపించేసరికి చంకలో ఉన్న బిడ్డలు అరక పట్టే వయసుకు వచ్చేవారు. గురువు లేక పెళ్ళిళ్ళు ఆగేవి. గురువు లేకుండానే వృద్ధులు కన్నుమూసేవారు.

ఆ ఊరి పెద్దకాపు శౌరిరెడ్డి. మాట ఇస్తే తప్పనివాడని పేరు, ఎదుటివాడు మాట తప్పితే సహించలేడని అంతకు మించిన పేరు. ఊరందరినీ కూడగట్టి, తానూ రాళ్ళు మోసి, తాటాకు కప్పుతో ఒక చక్కని గుడి కట్టించి, దక్షిణాదిన ఉన్న జ్ఞానబోధస్వామికి మనిషిని పంపి కబురు చేశాడు. క్రీస్తు జయంతికి ముందు భక్తులు ప్రభువు రాకకై నిరీక్షించే పుణ్యదినాలను ఆగమన కాలం అంటారు. ఆ కాలం ముగిసేలోపల తప్పక వస్తాననీ, కొత్త గుడిని ఆశీర్వదించి పండుగ పూజ తానే చేస్తాననీ స్వామి మారుకబురు పంపాడు.

ఆ మాట చెవిని పడింది మొదలు రేగులదిన్నెకు కాలు నిలవలేదు. గోడలకు సున్నం, గడపలకు పసుపు, వాకిళ్ళలో రోజుకొక కొత్త ముగ్గు! జ్ఞానస్నానం కావలసిన పిల్లలు, పెళ్ళి కావలసిన జంటలు, గురువు ఎదుట తప్పులు ఒప్పుకొని పాపసంకీర్తనం చేసుకోవలసిన ముసలివారు అందరూ దక్షిణపు బాట వైపే చూపులు నిలిపారు. వారాలు గడిచాయి. పండుగ దగ్గరపడిన కొద్దీ ఆ చూపుల్లో ఉత్సాహం తగ్గి దిగులు పెరిగింది. పొరుగూళ్ళవారు సంతలో కనబడి, "ఏమయ్యా, మీ సామి ఇంకా బయలుదేరలేదా?" అని నవ్వుతుంటే శౌరిరెడ్డికి తల కొట్టేసినట్లయ్యేది.

పండుగ ముందునాడు తెల్లవారగానే ఊరంతా కొత్తబట్టలు కట్టి, పెట్టెల అడుగున దాచిన నగలన్నీ పెట్టుకొని గుడిలో చేరింది. పొద్దు బారెడెక్కింది. స్వామి జాడ లేదు. పిల్లలు ఆకలికి మారాం చేస్తున్నారు. శౌరిరెడ్డి చివాలున లేచాడు.

"ఇక ఆయన రాడు. నన్ను నమ్మి మీరంతా రాళ్ళు మోశారు. నా తలవంపు నేనే పడతాను. లేవండి, గుడి తలుపు మూసేస్తాను. మళ్ళీ తెరిచేది నేను కాదు."

అప్పుడు వెనుక వరుసలో నుండి అతని తల్లి ఆరోగ్యమ్మ కర్ర ఊతంగా లేచి నిలిచింది. ఆ ఊరిలో ఏ ఇంట పెళ్ళి జరిగినా పెళ్ళిపాట ఎత్తుకునేది ఆమెయే.

"ఒరే అయ్యా, మగపెళ్ళివారు దారిలో ఆలస్యమైతే ఆడపెళ్ళివారు తలుపులు మూసుకుంటారా? పానకం బిందె ఎత్తుకొని ఎదురుకోలుకు పోతారా?"

"ఎక్కడికని పోతావమ్మా? ఆయన ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు?"

"ఎక్కడున్నా దారిలోనే ఉంటాడుగా! కూర్చొని చూసింది చాలు. నేను మెట్ట మీదికి పోతున్నా."

అని ఆ వృద్ధురాలు బయటకు నడిచి, ఊరికి దక్షిణాన ఉన్న బండరాళ్ళ మెట్ట దారి పట్టింది. పండుగకు కలిపిన పానకం బిందెను కోడలు నెత్తికెత్తుకుంది. ఆమె వెంట మరొక ఆడకూతురు, ఆ వెనుక మరొకరు, వారి కొంగులు పట్టుకొని పిల్లలు. ఎక్కడో ఒకరు పెళ్ళిపాట అందుకున్నారు. ఆడవారంతా వెళ్ళాక ఖాళీ గుడిలో ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక మగవారూ లేచారు. అందరికంటె వెనుక, గొణుగుకుంటూ శౌరిరెడ్డి.

వారు మెట్ట తలకు చేరారో లేదో, "దుమ్ము! అదిగో దుమ్ము! స్వామి వస్తున్నాడు!" అని ఒకడు ఎగిరి కేక పెట్టాడు. ఆ కేకకు కొండ దద్దరిల్లింది. కాని శౌరిరెడ్డి దిక్కు చూసుకున్నాడు. స్వామి రావలసింది దక్షిణం నుండి, ఆ దుమ్ము లేస్తున్నది ఉత్తరాన. కాలినడకన వచ్చే సన్న్యాసి అంత దుమ్ము లేపలేడు.

"నోళ్ళు మూయండి! పడుకోండి, రాళ్ళ చాటున పడుకోండి! అవి గుర్రాలు!"

ఆ రోజుల్లో ఊళ్ళను దోచి, ఎదిరించినవారిని నరికి, ఇళ్ళు తగలబెట్టి పోయే గుర్రపు దండులు ఆ సీమను పీడించేవి. పండుగ పూట రేగులదిన్నె అంతా నగలతో ఒకేచోట చేరి ఉంటుందని వారికెలాగో తెలిసింది. అందుకే ఏ ఇంటి వంకా చూడక, తిన్నగా వెళ్ళి గుడిని చుట్టుముట్టి, కత్తులు దూసి తలుపు బద్దలుకొట్టారు. లోపల పురుగు లేదు. ఆ కోపంతో కప్పుకు నిప్పు పెట్టారు. తాము మోసిన రాళ్ళ మధ్య మంటలు లేస్తుంటే మెట్టపైవారు బిడ్డల నోళ్ళకు చేతులడ్డుపెట్టి, గుడ్ల నీరు గుడ్ల కుక్కుకొని చూస్తుండిపోయారు.

అంతలో ఆరోగ్యమ్మ కొడుకు భుజం పట్టి కుదిపింది. "అయ్యా, ఇటు చూడు!"

మెట్టకు ఆవలి పక్క, దక్షిణపు బాట మీద, కాషాయం కట్టిన మనిషి వడివడిగా వస్తున్నాడు. మెట్ట మలుపు తిరిగితే ఆయన అడుగుపెట్టేది కత్తుల మధ్యకే. కేక వేస్తే దండుకు వినబడుతుంది. శౌరిరెడ్డి మరి ఆలోచించలేదు. ఎవరు రాలేదని అంతవరకు తిట్టుకున్నాడో ఆయన కోసం, మోకాళ్ళు చీరుకుపోతున్నా లెక్కచేయక, బండ నుండి బండకు దూకుతూ దిగి, మలుపు దగ్గర స్వామి నడుము వాటేసుకొని పొద చాటుకు లాగాడు.

"సామీ, కదలొద్దు! ఊళ్ళో దండు పడింది!"

"నాయనా, జనం? జనమంతా ఏమయ్యారు?"

"నీకోసం మెట్టెక్కారు సామీ. అందరూ పైనే ఉన్నారు."

స్వామి వెనుక నుండి విల్లంబులు పట్టిన చెంచులు కొందరు నిశ్శబ్దంగా ముందుకు వచ్చారు. వారి పెద్ద అంకన్న. అంతకు ముందురోజు అంకన్న కొడుకు తేనె తీస్తూ కొండచరియ నుండి పడి కాలు విరిగి బాటపక్కన మూలుగుతుంటే, పండుగవేళ మించిపోతున్నదని తెలిసీ స్వామి విడిచిపోలేక, అతణ్ణి వీపున మోసి గూడేనికి చేర్చి, కాలికి కట్టు కట్టాడు. ఆయన ఆలస్యం అందువల్ల వచ్చిందే. ఒంటరిగా పోనీయబోమని చెంచులు తోడు వచ్చారు.

ఇంతలో దండువారు ఇళ్ళలో వెచ్చగా ఉన్న పండుగ వంటలు చూసి, జనం దగ్గరలోనే దాగారని గ్రహించి గుర్రాలను మెట్టవైపు తిప్పారు. గిట్టల చప్పుడు దగ్గరపడింది. అంకన్న మారుమాటాడక తనవారిని రాళ్ళ చాటున అక్కడొకరు ఇక్కడొకరుగా నిలిపి కొమ్ము ఊదాడు. ఆ కొమ్ముకు మరొక బండ వెనుక నుండి మరొక కొమ్ము బదులిచ్చింది, దానికి ఇంకొకటి! బాణాలు రివ్వున వచ్చి ముందు గుర్రాల కాళ్ళముందు గుచ్చుకున్నాయి. "అరవండి!" అని ఆరోగ్యమ్మ లేచి నిలబడింది. అంతసేపు ఊపిరి బిగబట్టిన ఊరు ఊరంతా ఒక్కపెట్టున సింహనాదం చేసింది. మెట్ట నిండా సైన్యం పొంచి ఉన్నదని బెదిరి, గుర్రాలు అదుపు తప్పి, ఆ దండు వచ్చిన దారినే పరుగు తీసి మరి వెనుదిరిగి చూడలేదు.

స్వామి మెట్టెక్కి కాలుతున్న గుడిని చూసి కుప్పకూలాడు. "నిన్ననే వచ్చి ఉంటే ఇలా జరిగేది కాదు. దారి పొడుగునా నా ఆలస్యానికి ఏడుస్తూనే నడిచాను" అన్నాడు.

శౌరిరెడ్డి ఆయన పాదాలు పట్టుకున్నాడు. "నిన్ననే వచ్చి ఉంటే మేమంతా ఆ గుడిలో ఉండేవాళ్ళం సామీ. నువ్వు రాలేదని దేవుణ్ణి తిట్టాను. నా పిల్లల్ని ఆయన ఏ చేత్తో పట్టుకున్నాడో ఇప్పుడు చూశాను."

తరతరాలు ఎదురుచూసిన లోకానికి రక్షకుడు మానవులు కోరిన గడియలో గాక తండ్రి సంకల్పించిన గడియలో వచ్చాడని స్వామి ఆనాడు వేరే బోధించనక్కరలేకపోయింది. మెట్ట తలన ఉన్న బల్లపరుపు బండనే పీఠంగా చేసుకొని జయంతిపూజ చేశాడు. బిడ్డలకు జ్ఞానస్నానాలు, జంటలకు పెళ్ళిళ్ళు అక్కడే జరిగాయి. బిందెలోని పానకం మొదట చెంచులకు పోసి, తరువాత ఊరు తాగింది.

ఆ మీదట గుడిని మెట్టపైనే కట్టారు. ఊరంతా ఎదురుకోలుకు ఎక్కిన ఆ మెట్టకు ఎదురుమెట్ట అనే పేరు స్థిరపడింది. గర్భవతియైన మరియతల్లి ఆ గుడిలో ఎదురుమెట్ట మాతగా నేటికీ పూజలందుకుంటున్నది. ఆగమన కాలపు చివరి ఆదివారం అక్కడ ఎదురుకోలు పండుగ జరుగుతుంది. బాలయేసు స్వరూపాన్ని గూడెంవారు అడవిదారిన మోసుకువస్తారు. వారు ఏ వేళకు వస్తారో ముందుగా ఎవరికీ చెప్పరు, గుడిపెద్దలు అడగనూ అడగరు. కొన్నేళ్ళు పొద్దున్నే వచ్చేస్తారు, కొన్నేళ్ళు పొద్దు వాలినా రారు. జనం మెట్ట మీద పాడుకుంటూ, పిల్లలను ఆడించుకుంటూ ఉంటారు. దూరాన చెట్ల నడుమ కొమ్ము ఊదిన సద్దు వినబడగానే మాత్రం ఆ కొండ మీద కూర్చున్నవాడంటూ ఒక్కడు మిగలడు.