జిగురు బకెట్టు

ప్రశ్న అడిగితే భూషణం మాస్టారు జవాబు చెప్పరు, చెప్పులు వెతుక్కుంటారు. ఆ ఉదయం శిష్యుడు దినకర్ అడిగినప్పుడూ అదే జరిగింది.

మాస్టారి ఇల్లు మెరకన ఉంది. పక్కనే పల్లంలో సత్తెమ్మ ఇల్లు. రెండిళ్ల మురుగూ ఒకే గొట్టంలో కలిసి వీధి మ్యాన్‌హోల్‌కి పోతుంది. ఆ గొట్టం పూడుకుపోయి, మురుగంతా సత్తెమ్మ గుమ్మం ముందున్న గుంతలోంచి పైకి తన్నుకొస్తోంది. ఆ గుమ్మంలోనే ఇడ్లీలు అమ్మి బతికే మనిషి ఆమె. నిన్నటి నుంచి పొయ్యి వెలగలేదు. మ్యాన్‌హోల్ దాకా ఇంటివాళ్లదే పూచీ అని చెప్పేసి మున్సిపాలిటీ మనిషి వెళ్లిపోయాడు.

దినకర్ రగిలిపోయాడు. పాలకులు పేదల గుమ్మాల్లో మురుగు పోస్తున్నారన్నాడు. మాస్టారి వసారాలో కూర్చుని తాను రాస్తున్న ‘పారిశుద్ధ్యం ప్రజల హక్కు’ పోస్టర్లు ఊరంతా అతికించి, ధర్నాకి దిగుదామన్నాడు.

“అసలు ఈ గొట్టం ఎవరి బాధ్యత, మాస్టారూ?”

మాస్టారు చెప్పులేసుకున్నారు. దొడ్లోంచి పొడవాటి వెదురు బద్ద తెచ్చి అతని చేతికిచ్చి, సత్తెమ్మ గుమ్మం దగ్గర గుంత మూత తీశారు.

“విప్లవం ఇవాళ మా గుమ్మం దాకా వచ్చిందే,” అంది సత్తెమ్మ, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. దినకర్ చొక్కా చేతులు పైకి మడిచాడు. రోజూ ఆమె ఇడ్లీలే అతని టిఫిను. అడగకుండానే ఒకటి ఎక్కువ వేస్తుంది.

గొట్టంలోకి బద్ద దించి కుమ్మి కుమ్మి లాగితే, కొసకి తెల్లగా, మెత్తగా గడ్డకట్టినదేదో అంటుకొచ్చింది. దినకర్ ముఖం చిట్లించాడు. పులిసిన పిండి ఇందులో పారబోస్తున్నావా పెద్దమ్మా అని అడిగాడు.

సత్తెమ్మ వంగి చూసింది.

“మేం పిండిలో ఎర్రకాగితాలు కలపం, బాబూ.”

నిజమే. ఆ గడ్డలో ఎర్రటి పోస్టరు పీలికలున్నాయి. ఒకదాని మీద సగం అక్షరం, అతని చేతిరాతే. పోస్టర్ల కోసం మైదాతో జిగురు కాచి, మిగిలింది, అందులో పడ్డ కాగితం ముక్కలతో సహా, రోజూ మాస్టారి బాత్‌రూంలో ఒంపేసి బకెట్టు కడిగేది అతనే.

ఆ తర్వాత అతను తలెత్తలేదు. జిగురంతా లాగేదాకా, గుంతలో నీళ్లు గుడగుడమంటూ దిగేదాకా బద్ద వదల్లేదు. గుమ్మం కూడా తానే కడిగాడు. సత్తెమ్మ పొయ్యి ముట్టించింది.

“మరి ఈ గొట్టం ఎవరిదంటారు, మాస్టారూ?” అన్నాడు చివరికి, మెల్లగా.

మాస్టారు తన వసారా వైపు చూశారు. అక్కడ బకెట్లో ఆ రోజు కాచిన జిగురు ఇంకా ఆవిర్లు కక్కుతోంది.

“ఆ బకెట్లో ఉన్నంతసేపు జిగురు నీది నాయనా. దిగువకి పోయాక ఎవరిదో సత్తెమ్మనడుగు.”