అర్జెంటుగా రమ్మన్నారు

నరసాపురంలో లేసులు అల్లే సత్యవేణి చేతులకి ఎంత ఓపిక ఉండేదో చెవులకి అంత తొందర ఉండేది. ఎవరి మాటా చివరిదాకా వినేది కాదు. సగం విని, మిగతా సగం తనే పూరించుకునేది. ఒకసారి పక్కింటావిడ "వదినా, మీ ఆయన ఆటోని పోలీసులు ఆపి..." అనగానే, కాళ్ళకి చెప్పులైనా లేకుండా స్టేషనుకి పరుగెత్తింది. తీరా చూస్తే, రైలు గేటు వేశారా అని అడగడానికి ఆపారట, అంతే. వీధంతా నవ్వారు. "నీకు సగం చెబితే చాలు, సినిమా మొత్తం తీసేస్తావు" అని భర్త ఏడుకొండలు ఏడిపించేవాడు. సత్యవేణి కూడా నవ్వేసి ఊరుకునేది. అది నవ్వులతోనే పోయి ఉంటే ఈ కథ చెప్పాల్సిన పనే ఉండేది కాదు.

ఆ వేసవిలో ఆరోగ్య కేంద్రంలో ఆడవాళ్ళకి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షలు చేశారు. ఏ బాధా లేకపోయినా, ముప్పై దాటినవాళ్ళంతా చేయించుకోవాలని నర్సు సువర్ణ ఇంటింటికీ తిరిగి చెప్పింది. లేసు పనివాళ్ళంతా కలిసి వెళ్ళారు. సత్యవేణి కూడా బిడియపడుతూనే వెళ్ళి చేయించుకుంది. ఇంటికొచ్చి ఆ సంగతే మరిచిపోయింది.

కొన్నాళ్ళకి సువర్ణ ఫోన్ చేసింది.

"సత్యవేణిగారూ, మీ పరీక్షలో కొన్ని కణాలు కొంచెం తేడాగా కనిపించాయండి. జిల్లా పెద్దాసుపత్రికి రాశాం. అర్జెంటుగా వెళ్ళాలి. కంగారేమీ లేదు, ఇలా వచ్చినవాళ్ళలో..."

ఆ తరువాతి మాటలు సత్యవేణి వినలేదు. ఫోన్ పెట్టేసింది.

మన ఇళ్ళల్లో చావు కబురుని చావు కబురులా చెప్పరు. "కాస్త నలతగా ఉంది, కంగారేమీ లేదు, అర్జెంటుగా బయల్దేరి రా" అంటారు. తల్లి పోయినప్పుడు సత్యవేణికీ అలాగే చెప్పారు. ఆవిడకి ఇష్టమని బత్తాయిలు కొనుక్కుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళింది. వీధి మొదట్లోనే జనం గుంపుగా నిలబడి ఉన్నారు. అప్పటినుంచి "కంగారేమీ లేదు", "అర్జెంటు" అన్న రెండు మాటలూ కలిసి వినిపిస్తే ఆమెకి ఒకటే అర్థం. "నా పని అయిపోయింది. మొహం మీద చెప్పలేక అలా అంటోంది" అనుకుంది. పాపం, సువర్ణ ఉన్నది ఉన్నట్టే చెప్పబోయింది. వినేవాళ్ళుంటే కదా!

సత్యవేణికి ఒక్కతే కూతురు, లాస్య. నాలుగో తరగతిలోకి వచ్చింది. తను పోతే ఈ పిల్ల గతేమిటన్న దిగులు ముందు ఆసుపత్రి మాట ఆమెకి గుర్తే రాలేదు. రాజమండ్రిలో ఉన్న అక్క అనంతలక్ష్మికి పిల్లలు లేరు. ఇప్పటినుంచే పిల్లని అక్కడ అలవాటు చేస్తే, తీరా తను పోయేనాటికి అంత బాధ ఉండదనుకుంది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. అక్కతోనూ, భర్తతోనూ ఒకటే మాట అంది, అక్కడ బడి బాగుంటుందని.

"పిల్లని చూడకుండా ఉండగలవా? ఏమైందే నీకు?" అన్నాడు ఏడుకొండలు.

"ఏమీ కాలేదు. మీరు కంగారు పడకండి" అంది సత్యవేణి.

బట్టలు సర్దుతుంటే లాస్య వచ్చి కొంగు పట్టుకుంది.

"నేనేం చేశానమ్మా?"

సత్యవేణి తలెత్తకుండా గౌను మడతపెట్టింది. నిజం చెబితే పిల్ల తట్టుకోలేదని భయపడి, లేని కోపం తెచ్చుకుంది. "అల్లరి మరీ ఎక్కువైంది నీకు. పెద్దమ్మ దగ్గరైతే బుద్ధిగా ఉంటావు" అంది. లాస్య కొంగు వదిలేసింది. బస్సెక్కేటప్పుడు ఏడవలేదు కూడా. అలవాటు పడుతుందిలే అనుకుంది తల్లి.

ఆ తరువాత లాస్య ఫోన్ చేసినా "పనిలో ఉన్నానమ్మా" అని పెట్టేసేది. తన గొంతు వింటూ ఉంటే పిల్ల ఎప్పటికీ మరిచిపోదని ఆమె ఆలోచన. పెట్టేశాక కుమిలి కుమిలి ఏడ్చేది. సువర్ణ ఫోన్లు అసలు ఎత్తనే లేదు. తెలిసిన చావు కబురు మళ్ళీ మళ్ళీ వినడం దేనికి?

చివరికి సువర్ణే ఇంటికి వచ్చింది. ఏడుకొండలు అప్పుడే ఆటో కడుగుతున్నాడు.

"ఎన్నిసార్లు చేశానండీ! పెద్దాసుపత్రికి ఇంకా వెళ్ళలేదా?" అంది గుమ్మంలోనే.

సంగతి విని ఏడుకొండలు అరుగు మీద కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని లేచి, "పద" అన్నాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ లోపలి భాగాన్ని పెద్దదిగా చేసి చూపించే పరికరంతో చూసింది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. కొన్ని రోజులకి అది క్యాన్సరు కాదని తేలింది. అలాగే వదిలేస్తే కొన్నేళ్ళకి క్యాన్సరుగా మారగల కణాలు ఉన్నాయంది. చిన్న చికిత్సతో ఆ భాగం తీసేశారు. సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపొమ్మన్నారు, చెప్పినప్పుడల్లా మళ్ళీ పరీక్షకి రమ్మన్నారు.

సత్యవేణి నమ్మలేకపోయింది. "మరి అర్జెంటు అన్నారు కదండీ?"

"ముదిరిపోయిందని అర్జెంటు కాదమ్మా, ముదరకముందే చూడాలని అర్జెంటు. ఇలా పిలిపించినవాళ్ళలో చాలామందికి క్యాన్సరు ఉండదు. ఉన్నా, తొందరగా వస్తే నయం చేయడం తేలిక. మీ నర్సు చెప్పలేదా?"

"చెప్పబోయిందండి. నేనే వినలేదు" అంది సత్యవేణి. అని, అక్కడే భోరుమంది. బతికానన్న సంతోషంతో ఏడుస్తోందనుకుంది డాక్టరమ్మ. సత్యవేణి కళ్ళ ముందు మాత్రం కొంగు వదిలేసిన చిన్న చెయ్యి ఉంది.

లాస్యకి అప్పుడు పరీక్షలు జరుగుతున్నాయి. దసరా సెలవులు ఇవ్వగానే తల్లి రాజమండ్రి పరుగెత్తింది. జరిగిందంతా విని అనంతలక్ష్మి లాస్య బట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఆమె ఆ పిల్లకి రోజూ జడలు వేసి, పక్కలో పడుకోబెట్టుకున్న మనిషి.

"నువ్వే ఇచ్చావు, నువ్వే తీసుకెళ్తున్నావు. నాకైనా నిజం చెప్పకపోయావా చెల్లీ?" అంది.

ఇంటికి వచ్చిన లాస్య వేరే పిల్లలా ఉండేది. ఇదివరకు కాకరకాయ కూర చూస్తే ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు పెట్టింది పెట్టినట్టు తిని, కంచం తనే కడిగి పెట్టేది. ఏం కావాలని అడిగితే "నీ ఇష్టమమ్మా" అనేది. "ఎంత బుద్ధిమంతురాలైందో!" అని పక్కింటావిడ మెచ్చుకుంది. ఆ మెప్పు సత్యవేణికి చెంపదెబ్బలా తగిలింది. తను సగం చెబితే, మిగతా సగం పిల్ల పూరించుకుంది. అల్లరి చేస్తే అమ్మ పంపించేస్తుందనుకుంది.

ఒక మధ్యాహ్నం సత్యవేణి కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని అంతా చెప్పింది. ఫోనూ, భయమూ, ఆసుపత్రీ, అన్నీ. లాస్య మధ్యలో ఒక్క మాట అడ్డు రాకుండా చివరిదాకా వింది.

"అయితే నా అల్లరికి కాదా?"

"కాదు తల్లీ. నీ తప్పేం లేదు. నీకు చెబితే ఏడుస్తావని..."

"చెప్పకపోయినా ఏడ్చానుగా" అంది లాస్య. "చెప్పుంటే నీతో ఆసుపత్రికి వచ్చేదాన్ని."

సత్యవేణి ఒంట్లో గాయం కొద్ది వారాల్లోనే మానిపోయింది. తరువాతి పరీక్షలో అంతా బాగుందన్నారు. లాస్య కూడా మెల్లగా నవ్వడం, అలగడం మొదలుపెట్టింది. కానీ ఇంట్లో ఎవరు ఊరికి బయల్దేరినా ఆట ఆపేసి వచ్చి, "నన్ను కూడా పంపిస్తారా?" అని అడిగేది. లేదని చెప్పినా కాసేపు అక్కడే నిలబడేది. ఆ ప్రశ్న మాన్పడానికి ఏ ఆసుపత్రిలోనూ మందు లేకపోయింది.

అందుకే పిల్లలూ, పెద్దలూ, ఆసుపత్రి నుంచి పిలుపు వస్తే చివరిదాకా విని వెంటనే వెళ్ళాలి, ఇంట్లోవాళ్ళకి ఉన్న సంగతి పూర్తిగా చెప్పాలి. సగంలో వదిలేసిన మాటని భయమే పూర్తి చేస్తుంది, అది ఎప్పుడూ నిజంకన్నా ఘోరంగానే చేస్తుంది.