గళ్ళ గొంగడి ఎవరిది?

నా పరువు పోయిన కథ నేనే చెబుతాను. ఇంకెవరైనా చెబితే నాలుగు కలిపి చెబుతారు.

మా అడవి అంచున గొల్లలు మందలు మేపుకుంటారు. ఓ కాపరి తుప్ప మీద ఆరేసి మరిచిపోయిన నలుపు తెలుపు గళ్ళ గొంగడి ఒకటి నా కంటబడింది. కప్పుకుని వాగు నీళ్ళలో చూసుకున్నాను. నేను నక్కనన్న సంగతే మరిచిపోయాను. ఆ పూటే "ఈ గళ్ళు మా వంశానివి, ఇంకెవరూ కప్పుకోవద్దు" అని అడవంతా చాటించాను.

మూడో రోజు ముసురు పట్టింది. ఉన్ని కత్తిరించిన మర్నాడే మంద నుంచి తప్పిపోయిన గొర్రె బూదవ్వ, గజగజ వణుకుతూ వచ్చింది.

"నక్కన్నా, ఒక్క కొస కప్పు. సలికి సచ్చేటట్టున్న."

"కుదరదు. ఎవరి తాతముత్తాతల ఒంటి మీద ఉన్నదో వాళ్ళకే ఇది," అన్నాను. ఆ షరతు అప్పటికప్పుడు కల్పించిందే. నాకే ముచ్చటేసింది.

"గదే మాట గౌరవ్వ ముంగట అంటవా?"

గౌరవ్వ మా ముసలి గేదె. అడవిలో తగవులన్నీ తీర్చేది ఆమే. ఆమె ముందు రొమ్ము విరుచుకుని మళ్ళీ అదే అన్నాను.

"అయితే ఇది నాదే," అంది బూదవ్వ. "తెల్ల గడి మా అమ్మ ఉన్ని, నల్ల గడి మా అమ్మమ్మ ఉన్ని. నేసుడు తర్వాతి ముచ్చట."

"సాక్ష్యమేదీ?" అని గర్జించాను. నక్కకు గర్జన రాదు, ఏదో చేశాను.

గౌరవ్వ నెమరు ఆపింది. "అడవిల నీ ముక్కును మించింది లేదు బిడ్డా. వాసన చూసి నువ్వే చెప్పు."

ఎవరైనా నా ముక్కును పొగిడితే నేనిక ఆగలేను. తడిసిన గొంగడిలో ముక్కు దూర్చి గట్టిగా పీల్చాను.

"ఆహా! అచ్చం మా తాత వాసనే!"

అంటుండగానే నోట్లోంచి చొంగ ధారగా కారింది.

"మీ తాత యాదికొస్తే నీకు నోరూరుతదా?" అంది గౌరవ్వ.

తగవు చూడవచ్చిన కుందేళ్ళు కూడా నవ్వాయి. బూదవ్వ గొంగడి కప్పుకుంది, వణుకు తగ్గింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "నక్కన్నా, నీకు సలిపెడితే చెప్పు, దూరంకెల్లి ఒక కొస ఇస్త," అంది. ఆ మాటకే నాకు ఎక్కువ సిగ్గేసింది.

ఎవరికి హక్కుందో తేల్చబోయేవాడు ముందు తన ఒంటి మీదున్నది ఎవరిదో చూసుకోవాలి.