చెలమమ్మ కొండ చుట్టునడక

అనంతపురం సీమలో, హగరి ఏటికి పడమరగా, ఇసుక దిబ్బల నడుమ ఒంటరిగా నిలిచిన నల్లరాతి కొండను చెలమమ్మ కొండ అంటారు. చుట్టూ తుమ్మలు, జిల్లేళ్లు తప్ప పచ్చదనం కనిపించదు. గాలి వీచినప్పుడల్లా దారి పూడిపోతుంది గనుక ప్రదక్షిణ మార్గమంతటా సున్నం పూసిన రాళ్లు నాటించారు. ఇక్కడి అమ్మవారికి గోపురం లేదు, విగ్రహమూ లేదు. కొండ పడమటి పాదాన ఇసుకలో తవ్విన చిన్న నీటిగుంటనే భక్తులు తల్లిగా కొలుస్తారు. ఇటువంటి గుంటకే చెలమ అని పేరు.

పూర్వం ఇక్కడ నీటి జాడ ఉండేది కాదు. ఒక ఏడు చైత్రం రాగానే ఎండలు నిప్పులు చెరిగాయి. మారెన్న అనే కురుబ కాపరి తన తల్లి లింగవ్వతో, భార్య తిప్పక్కతో, గొర్రెల మందతో కొండకు తూర్పున దిగి ఉన్నాడు. ఏరు ఎండింది. గొర్రెలు నాలుకలు వెళ్లబెట్టి ఒక్కొక్కటే కూలబడసాగాయి. లింగవ్వ తన వంతు నీళ్లను ఎవరికీ తెలియకుండా గొర్రెపిల్లలకు పోస్తూ వచ్చింది.

ఒకనాటి వేకువన ఎర్రచీర కట్టిన ముత్తైదువ ఆమెకు కలలో కనిపించి, “పొద్దు పొడవక ముందే ముగ్గురూ నా కొండ చుట్టి రండి, మీ మంద బతుకుతుంది” అని చెప్పింది. ఆమె కల సంగతి చెప్పగానే ముగ్గురూ లేచి బయలుదేరారు.

దక్షిణం దాటి పడమటి వైపుకు వచ్చేసరికి లింగవ్వ ఇక నడవలేక ఇసుకలో కూలిపోయింది. ఆకాశం అప్పటికే తెల్లబడుతోంది.

“నన్నీడ వదిలి పోండి నాయనా. పొద్దు పొడిస్తే మొక్కు చెడుతుంది” అన్నది.

మారెన్న తల్లినీ ఆకాశాన్నీ మార్చి మార్చి చూశాడు. తిప్పక్క మాత్రం అత్త తల తన ఒడిలోకి తీసుకుని, “నువ్వు పోతే పో. నేను రాను” అని కూర్చుండిపోయింది. గొర్రెలు చచ్చిపోతే తామూ బతకలేమన్న భయంతో మారెన్న ఒక్కడే పరుగు తీశాడు.

సూర్యుడు పొడవక ముందే అతడు మంద దగ్గరికి చేరాడు. చుట్టు పూర్తయింది. కానీ గొర్రెలు పడినవి పడినట్టే ఉన్నాయి. కలలో అమ్మ చెప్పిన “ముగ్గురూ” అన్న మాట అప్పుడు అతని చెవిలో మోగింది. ఎండ చురుక్కుమంటుండగా, తల్లి ప్రాణం పోయి ఉంటుందని ఏడుస్తూ వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తాడు.

అక్కడ, కొండ నీడలో తిప్పక్క ఒడిలోంచి తల పక్కకు జారి లింగవ్వ చెంపకు ఇసుక తగిలింది. “తిప్పక్కా, ఈడ ఇసుక తడిగుందే” అన్నది. దాహానికి అత్త మతి తప్పిందనుకుంటూనే కోడలు చేయి పెట్టి చూసింది. తడి నిజమే. రెండు చేతులా తవ్వింది. మోచేతి లోతున నీరు ఊరింది. కొంగు తడిపి అత్త నోట్లో పిండింది.

మారెన్న వచ్చేసరికి లింగవ్వ లేచి కూర్చుని ఉన్నది. అతడు ఆమె కాళ్ల మీద పడి, “నిన్ను వదిలి పోయినానమ్మా” అని వెక్కివెక్కి ఏడ్చాడు.

“తిరిగొచ్చినావు కదా, ఏడ్సింది సాలు. ముందు నీళ్లు తాగు” అన్నది తల్లి. “తాగి, గొర్రెల్ని తోలుకురాపో.”

ఆ సాయంత్రానికి మంద అంతా అదే చెలమలో దాహం తీర్చుకుంది. మిగిలిన సగం చుట్టును ముగ్గురూ మరునాటి వేకువన, లింగవ్వ అడుగులోనే అడుగు వేస్తూ ముగించారు. నాటి నుండి చెలమే చెలమమ్మ అయింది.

నేటికీ చైత్రమాసమంతా భక్తులు చీకటితోనే ప్రదక్షిణకు బయలుదేరుతారు. చెలమ దగ్గర అందరూ కూర్చోవలసిందే. తమ గుంపులో చివరివారు చేరేదాకా ఎవరూ తీర్థం ముట్టరు. తొలి దోసిలి ఆ చివరివారిదే. ఇలా కొండ చుట్టి వస్తే ఇంట్లోంచి అలిగి వెళ్లినవారు తిరిగి వస్తారనీ, మంచం పట్టినవారు లేచి తిరుగుతారనీ ఈ ప్రాంతపు నమ్మకం. కుంటుతూనో, మనవడి భుజం పట్టుకునో ఆఖరి ముసలమ్మ ఇసుక దిబ్బ దిగి రాగానే కురుబ పూజారి “అందరూ వచ్చినట్టేనా?” అని అడుగుతాడు. “వచ్చినాం!” అని కొండ మారుమోగేలా జనం బదులిస్తారు. అప్పుడు ఆయన వంగి చెలమలో చెంబు ముంచుతాడు.