తీతువు చెప్పిన చిరుపొగ

అనగనగా, ఎండలు ముదిరితే అడుగు పెట్టినచోటల్లా ఆకులు పెళపెళమనే ఒక అడవిలో, రాతినేల మీద ఒక తీతువు పిట్ట కాపురముండేది. ఆపద కనబడితే అరిచి చెప్పడం దాని పని. పాము కదిలినా, పులి మెదిలినా గొంతు చించుకుని అరిచేది. ఆ అరుపుకి జింకపిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవి.

"అబ్బబ్బ, ఏం గొంతే నీది! పిల్లలు దడుచుకుంటున్నారు," అని తల్లిజింక రోజూ తిట్టేది. తీతువుకి మనసు చివుక్కుమనేది.

ఒకనాడు గోరింక వచ్చి పక్కన వాలింది.

"వదినా, ఏ మాటకైనా ముందు 'చిరు' అని తగిలించి చూడు. చిరుగాలి, చిరుజల్లు, చిరునవ్వు! వింటేనే ఎంత హాయిగా ఉంది! ఇక నిన్నెవరు తిడతారు?"

మర్నాడు నక్క వస్తుంటే తీతువు మెల్లగా, "చిరునక్క వస్తోంది," అంది. జింకలు నవ్వుకుంటూ పక్కకి తప్పుకున్నాయి. ఎవరూ తిట్టలేదు.

ఆ మాట అడవికంతా నచ్చింది. కోతులు చిరుతిండి అన్నాయి. ఎలుగుబంటి తన కోపాన్ని చిరుకోపం అంది. దుప్పి తొడలో పంది కోర దిగితే చిరుగాయం అన్నారు. ఆ గాయం చీముపట్టి దుప్పి చాలా రోజులు లేవలేకపోయింది. వాగులో నీళ్లు ఎండి ఇసుక తేలితే చిరుకరువు అన్నారు. తీతువుకి లోపల గుబులుగానే ఉండేది. కానీ తిట్లు లేని రోజులు ఎంత బాగున్నాయో!

ఒక మధ్యాహ్నం కొండవైపు పొగ లేచింది. దూరంగా వెదురు కణుపులు టపటపా పేలుతున్నాయి. అది చిన్న మంట కాదని తీతువుకి తెలిసిపోయింది. అరవబోయి ఆగిపోయింది.

"చిరుపొగ! కొండ దగ్గర చిరుపొగ!" అంది.

"ఓస్, చిరుపొగే కదా," అని తల్లిజింక మళ్లీ కునుకు తీసింది.

ముసలి తాబేలు మాత్రం మెడ చాచి అడిగింది: "అమ్మాయీ, నిజంగా చిన్నదేనా? వాగు చేరాలంటే నాకు చాలాసేపు పడుతుంది. ఇప్పుడే బయల్దేరనా?"

అన్ని కళ్లూ తీతువు వైపే తిరిగాయి.

"చిరుపొగే తాతా. కంగారు పడకు," అంది.

ఇంతలో గాలి మళ్లింది. పొగ నల్లగా కమ్ముకొచ్చింది. తీతువు పైకెగిరి చూసింది. కొండ కొండంతా మంటే! ఆ మంట ఎండుగడ్డి మీద పరుగెత్తుకొస్తోంది!

"కార్చిచ్చు! పారిపోండి! వాగులోకి పరుగెత్తండి!"

ఆ అరుపుకి అడవి అదిరిపోయింది. పొగలో దారి కనబడదు. పిల్లలు తల్లుల కోసం ఏడుస్తున్నాయి. నిప్పురవ్వలు ఈకల మీద పడుతున్నా తీతువు ముందు ఎగురుతూ, ఆగకుండా అరుస్తూ పోయింది. ఆ గొంతు ఆనవాలుగా జింకలు, కోతులు, కుంటుతూ దుప్పి, అన్నీ వాగు ఇసుకలో వచ్చి పడ్డాయి. మంట ఒడ్డు దాకా వచ్చి, ఇసుక దాటలేక ఆగింది.

తాబేలు తాత రాలేదు.

నేల చల్లారాక తీతువు వెతుక్కుంటూ వెళ్లింది. ఒడ్డుకి కొద్ది దూరంలోనే తాత డిప్ప నల్లగా మాడి ఉంది. తల వాగువైపే తిరిగి ఉంది.

తల్లిజింక వెనకే వచ్చి నిలబడింది. "తాత అడిగినప్పుడే నీకు తెలుసా?" అంది.

"తెలుసు," అంది తీతువు. "మళ్లీ తిడతారని భయపడ్డాను."

"రోజూ తిట్టింది నేనే," అంటూ తల్లిజింక తాత డిప్ప మీది బూడిదను మూతితో తుడిచింది.

నీతి: ఆపదకు చిన్న పేరు పెడితే ఆపద చిన్నదైపోదు. తిట్లకు వెరచి నిజాన్ని తగ్గించి చెబితే, అది నమ్మినవాళ్ల ప్రాణం మీదికొస్తుంది.