మాస్టారు లేననుకోమన్న ఇల్లు

చీపురువలసలో గౌరినాయుడు, చిట్టినాయుడు అని ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ళమ్మ బంగారమ్మ. ఈ ముగ్గురూ వీధిలోకి వస్తే చాలు, ఊరంతా నవ్వేది. మనల్ని చూస్తే జనానికి ఎంత సంతోషమో అని వీళ్ళు మురిసిపోయేవాళ్ళు.

"తమ్ముడూ, ఎదుటివాడు ఏం చెబితే మనం అదే చేస్తాం. సొంత పైత్యం కలపం" అనేవాడు గౌరినాయుడు.

"అదే కదన్నయ్యా తెలివంటే!" అనేవాడు చిట్టినాయుడు.

బంగారమ్మకి ఒకటే కోరిక. పెళ్ళయిన దగ్గర్నుంచి పదకొండు అద్దె ఇళ్ళు మారింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, సొంతింటి పొయ్యి మీద పాలు పొంగుతుంటే కళ్ళారా చూడాలని ఆవిడ ఆశ. కొడుకులు కష్టపడి కామేశం మాస్టారి పెంకుటిల్లు కొన్నారు. రిజిస్ట్రేషన్ అయిపోయింది. పంతులుగారు నెల తర్వాత వచ్చే గురువారం పొద్దున్న తొమ్మిదింటికి ముహూర్తం పెట్టారు. అది తప్పితే మళ్ళీ ఆర్నెల్ల దాకా లేదన్నారు.

మాస్టారు బస్తీలో కట్టుకుంటున్న ఇంటికి ఇంకా తలుపులు బిగించలేదు. "నాయనా, ఓ నెల రోజులు ఇక్కడే ఉంటాను. మీరు పెరటి పాకలో సర్దుకోండి" అన్నారు. అక్కడితో ఆపినా బాగుండేది. మర్యాద మనిషి కదా, ఇంకో ముక్క కలిపారు. "ఇల్లు మీది. మొహమాటపడకండి. నేను ఇంట్లో లేననే అనుకోండి."

అంతే!

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ ఇంట్లోకి వచ్చేశారు. మాస్టారు మంచం మీద పడుకుని ఉన్నారు. బంగారమ్మ వెళ్ళి ఆయన పొట్ట మీద కూర్చుంది.

"ఒరే పెద్దోడా, ఈ మంచం ఎగుడుదిగుడుగా ఉందిరా."

"చచ్చాన్రోయ్!" అని మాస్టారు అరిచారు.

"ఏదో కేక వినబడిందేంట్రా?"

"ఎవరున్నారమ్మా ఇంట్లో? ఎవరూ లేరు" అన్నాడు గౌరినాయుడు.

ఎవరూ లేని ఇంట్లో వేడి వేడి ఉప్మా కనబడింది. అయ్యో, పాడైపోతుందే అని ముగ్గురూ కూర్చుని గిన్నె ఖాళీ చేశారు. మాస్టారు ఎదురుగా నిలబడి తిడుతూనే ఉన్నారు. ఒక్కరు తలెత్తి చూస్తే ఒట్టు! తిన్నాక సంతకి బయల్దేరారు. ఎవరూ లేని ఇంటిని తెరిచి పోతారా ఎవరైనా? ఇంత తాళం వేసి మరీ పోయారు.

ఇంకేముంది! మాస్టారు కిటికీ ఊచలు పట్టుకుని లబోదిబోమన్నారు. ఎదురింటి సోములమ్మ సంతకి పరుగెత్తి వీళ్ళని లాక్కొచ్చింది.

"ఒరే, మనిషిని లోపల పెట్టి తాళం వేస్తార్రా?"

"ఉన్నారని మాకూ తెలుసు పిన్నీ. కానీ లేరనుకుంటున్నాం. ఆయనే అనుకోమన్నారు" అన్నాడు చిట్టినాయుడు ఓపిగ్గా.

మాస్టారు కిటికీలోంచి దణ్ణం పెట్టారు. "నాదే బుద్ధి తక్కువ. నేను ఉన్నాననే అనుకోండి! ఇల్లు ఇంకా నాదే అనుకోండి! నేను రమ్మంటేనే గుమ్మం తొక్కండి!"

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ?" అని తాళం తీశారు.

ఆ తర్వాత నెల రోజులూ ఎంత బుద్ధిగా ఉన్నారో! గుమ్మం ఛాయలకి పోతే ఒట్టు. బుధవారం నాడు మాస్టారు సామాన్లు ఆటోలో వేసుకుని, తాళంచెవి గౌరినాయుడి చేతిలో పెట్టి, చల్లగా బస్తీకి జారుకున్నారు.

గురువారం పొద్దున్న బంగారమ్మ కొత్త చీర కట్టుకుని పాలగిన్నె పట్టుకుని గుమ్మం ముందు నిలబడింది. గౌరినాయుడు తలుపు తట్టాడు.

"మాస్టారూ! రమ్మంటారా?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"స్నానం చేస్తున్నారేమో" అన్నాడు చిట్టినాయుడు.

తొమ్మిది కావస్తోంది. బంగారమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముహూర్తం దాటిపోతోందిరా నాయనా! ఇక నా రాత ఇంతేనా?"

సోములమ్మ నెత్తి కొట్టుకుంది. "ఒరే, ఆయన నిన్ననే వెళ్ళిపోయారు కదర్రా!"

"వెళ్ళారు పిన్నీ. కానీ ఉన్నారనుకోమన్నారు. అనుకోవడం మానెయ్యమని చెప్పి వెళ్ళారా?" అన్నాడు చిట్టినాయుడు.

వీళ్ళతో వాదించే ఓపిక ఎవరికుంది? సోములమ్మ మాస్టారికి ఫోన్ కలిపి గౌరినాయుడి చేతికిచ్చింది.

"మాస్టారూ, లోపలికి రమ్మంటారా?"

"వెళ్ళరా బాబూ, వెళ్ళు!"

వెళ్ళారు.

"పొయ్యి వెలిగించమంటారా?"

"వెలిగించు!"

"పాలు పెట్టమంటారా? మూత తియ్యమంటారా?"

మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. "ప్రతిదానికీ నా ప్రాణం తియ్యకు! ఇక నుంచి నువ్వే నేననుకో! నువ్వే కామేశం మాస్టారివనుకో!" ఫోన్ పెట్టేశారు.

అంతే! గౌరినాయుడు పంచె సర్దుకుని, మాస్టారిలాగే ఓసారి దగ్గి, పాలు పొయ్యి మీదికెక్కించాడు. ఎవర్నీ అడగలేదు. పాలు కాగాయి. నురగ గిన్నె అంచు దాకా లేచింది. బంగారమ్మ చేతులు జోడించి రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

గౌరినాయుడు ఉన్నట్టుండి ఉలిక్కిపడ్డాడు.

"తమ్ముడూ, కామేశం మాస్టారు ఈ ఇల్లు అమ్మేశారు కదూ?"

"అమ్మేశారన్నయ్యా."

"నెల గడువు నిన్నటితో అయిపోయింది కదూ?"

"అయిపోయింది."

"మరి నేనింకా ఈ ఇంట్లో ఏం చేస్తున్నానురా!"

గబుక్కున పొయ్యి ఆర్పేశాడు. లేచిన నురగ లేచినట్టే దిగిపోయింది. "పరాయివాళ్ళ పొయ్యి మీద మనం పాలు పొంగిస్తే ఎంత పాపం!" అని లెంపలేసుకున్నాడు. ముగ్గురూ బయటికొచ్చారు. గిన్నె అరుగు మీద పెట్టారు. తలుపుకి తాళం వేసి చెవి సోములమ్మకిచ్చారు.

"కొన్నవాళ్ళు వస్తే ఇది ఇచ్చెయ్యి పిన్నీ. వాళ్ళు రాగానే మేం వెళ్ళిపోతాం."

ముగ్గురూ వీధి చివర దాకా తొంగిచూస్తూ అరుగు మీద కూర్చున్నారు. తొమ్మిది దాటింది. పది దాటింది. ఎవరూ రాలేదు.

బంగారమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇంకా రాలేదేంట్రా? పాపం, వాళ్ళ ఇంట్లో కూడా నాలాంటి ముసల్ది ఉండే ఉంటుంది."