కత్తి పట్టినవాడి న్యాయం

యవన దేశపు సముద్రం నడుమ ఒకానొక దీవి రాజ్యం ఉండేది. దాన్ని క్లియాండ్రుడనే రాజు ఏలేవాడు. తనంత తత్వవేత్త లేడని ఆయన నమ్మకం.

"బలవంతుడికి ఏది లాభమో అదే న్యాయం. మిగతాదంతా పిరికివాళ్ళు అల్లిన కథ" అని కొలువులో రోజుకోసారైనా అనేవాడు. పండితులు తలలూపేవారు.

మాటలతో ఆగితే బాగుండేది. మిర్టో అనే వితంతువుకు కొండవాలున ఆలివ్ తోట ఉండేది. అక్కడ విహారభవనం కట్టాలని రాజు దాన్ని లాక్కున్నాడు. "మా ఆయన నాటిన చెట్లు, ఇవ్వను" అన్నందుకు ఆమెను చెరలో వేయించాడు.

ఆ వారమే రాజుగారి మెడ మీద సెగగడ్డ లేచింది. తల తిప్పలేడు, పడుకోలేడు. ఆస్థాన వైద్యుడైన మెనోఫిలుణ్ణి పిలిపించాడు. ఆయన ముసలివాడు, మాట పొదుపు.

"కోయాలి ప్రభూ" అని, అందరినీ బయటికి పంపేశాడు.

రాజు బోర్లా పడుకున్నాడు. కత్తి మొన మెడకు చల్లగా తగిలి, అక్కడే ఆగింది.

"ఆగావేం?"

"చిన్న సందేహం. ఈ క్షణాన ఈ గదిలో బలవంతుడెవరు ప్రభూ?"

"నువ్వే."

"పక్క దీవి రాజు ఈ మెడకు మంచి వెల కట్టాడట. తమరి లెక్కన నాకేది లాభమో అదే న్యాయం. మరి నన్నేం చేయమంటారు?"

"నువ్వు వైద్యుడివయ్యా! వైద్యుడి నేర్పు రోగి మేలు కోసం కానీ, వైద్యుడి లాభం కోసమా?"

"మరి రాజు నేర్పు ఎవరి మేలు కోసం ప్రభూ?"

రాజు ముఖం దిండులో దాచుకున్నాడు.

"మిర్టోను విడిపిస్తాను. తోట కూడా ఆమెదే" అన్నాడు చివరికి.

కత్తి కదిలింది. చీము పోయింది, సలుపు తగ్గింది. కట్టు కట్టించుకుని లేచి కూర్చున్న రాజు ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. పక్కన తీసి పెట్టిన తన ముత్యాలహారం అందుకుని వైద్యుడి మెడలో వేశాడు.

"నిజం చెప్పు మెనోఫిలా. నేను ఒప్పుకోకపోతే ఏం చేసేవాడివి?"

"ఇంతే జాగ్రత్తగా కోసేవాణ్ణి ప్రభూ" అన్నాడు ముసలాయన, కత్తి తుడుచుకుంటూ. "నాకు తెలిసిన న్యాయం అదొక్కటే."